మ్యాపింగ్‌కు ఎంత రిజల్యూషన్ కావాలి? ఎలా తేల్చుకోవాలి?

ముందు, మ్యాప్ చూసి ఏం తేల్చాలో ఒక్క వాక్యంలో రాసుకోండి. 'మండలంలో వరి ఎంత వేశారు?' ఒక ప్రశ్న. 'నా పొలం గట్టు ఎక్కడుంది?' పూర్తిగా వేరే ప్రశ్న. ఆ వాక్యం లేకుండా ఉపగ్రహ చిత్రాలు కొన్నా, డ్రోన్ ఎగరేసినా డబ్బు వృథా.

తర్వాత, అందులో కనిపించాల్సిన అతి చిన్న వస్తువు కొలత చూడండి. దాని వెడల్పులో కనీసం మూడు నుంచి ఐదు పిక్సెళ్లు (చిత్రంలోని చిన్న గళ్లు) పడాలి. ఒక్కో పిక్సెల్ నేల మీద ఎంత వెడల్పును చూపిస్తుందో అదే రిజల్యూషన్. అర మీటరు గట్టు కనిపించాలంటే 10-15 సెంటీమీటర్ల పిక్సెల్ కావాలన్నమాట.

ఇక ఎకరం లెక్క. చాలామంది దాటేసే మెట్టు ఇదే, దయచేసి దాటకండి. చదరంగా ఉన్న ఎకరం ఒక్కో వైపు సుమారు 64 మీటర్లు. యూరప్ ఉపగ్రహాలు సెంటినెల్-2 ఉచితంగా ఇచ్చే 10 మీటర్ల పిక్సెల్ చిత్రంలో అది దాదాపు 40 పిక్సెళ్లు. చాలనిపిస్తుంది కానీ, అందులో సగం దాకా అంచుల మీదే పడతాయి. అక్కడ మన వరి, పక్కవాళ్ల మొక్కజొన్న, మధ్యలో గట్టు ఒకే రంగుగా కలిసిపోతాయి. అమెరికా ఉపగ్రహం ల్యాండ్‌శాట్ ఇచ్చే 30 మీటర్ల చిత్రంలోనైతే ఎకరానికి నాలుగైదు పిక్సెళ్లే. కలవనిది ఒక్కటీ దొరక్కపోవచ్చు. కాబట్టి మండలం లెక్కకు సెంటినెల్ చక్కగా సరిపోతుంది. ఒక్క రైతుకు పంట నష్టం తేల్చడానికి మాత్రం దాన్నే నమ్ముకోవడం అన్యాయం.

ఎన్ని రోజులకో చిత్రం కావాలో కూడా చూడండి. సెంటినెల్-2 జంట ఐదు రోజులకోసారి వస్తుంది. ఖరీఫ్‌లో మబ్బులు అడ్డమైతే రాడార్‌తో చూసే సెంటినెల్-1 ఆదుకుంటుంది.

ఇళ్లు లెక్కపెట్టాలంటే కార్టోశాట్-3 లాంటి ఉపగ్రహం చాలు, దాని నలుపు-తెలుపు చిత్రం 30 సెంటీమీటర్ల లోపే. గట్టుకైతే డ్రోనే దిక్కు. ఫాంటమ్ 4 ప్రో అనే డ్రోన్ 100 మీటర్ల ఎత్తులో సుమారు 2.7 సెంటీమీటర్ల పిక్సెల్ ఇస్తుంది. ఎత్తు సగానికి తగ్గిస్తే పిక్సెల్ సగమవుతుంది, ఫొటోలు మాత్రం నాలుగు రెట్లు. బ్యాటరీలు, ఫొటోలను కలిపి మ్యాప్‌గా మార్చే ప్రాసెసింగ్ సమయం కూడా ఆ మేరకు పెరుగుతాయి. అవసరం లేకుండా కిందికి దిగకండి.

చివరగా, పిక్సెల్ చిన్నదైనంత మాత్రాన గట్టు సరైన చోట ఉన్నట్టు కాదు. సాధారణ జీపీఎస్ ఉన్న డ్రోన్ మ్యాప్ మొత్తంగా కొన్ని మీటర్లు పక్కకు జరిగి ఉండొచ్చు. నేల మీద గుర్తులు పెట్టి, అవి ఎక్కడున్నాయో ఆర్‌టీకే జీపీఎస్‌తో (సెంటీమీటర్ల తేడాతో స్థానం చెప్పే పరికరం) కొలవండి. వాటిలో కొన్నింటిని ప్రాసెసింగ్‌లో వాడకుండా పక్కన పెట్టి, మ్యాప్ తయారయ్యాక వాటితో తేడా ఎంతుందో చూడండి.