గ్యాస్ మీటర్ ఊరికే అరుస్తోందా, అరవాల్సినప్పుడు అరవడం లేదా?

ఫార్మా యూనిట్లలో ఈటీపీ (వ్యర్థజలాలు శుద్ధి చేసే ప్లాంటు) ట్యాంకుల్లోకి, సంపుల్లోకి మనుషులు దిగే ముందు లోపలి గాలి చూసి, దిగడానికి అనుమతిచ్చే పర్మిట్ మీద అంకెలు రాసే పని నాది. ఆక్సిజన్, ఎల్ఈఎల్ (మండే గ్యాస్ అంటుకునే కనిష్ఠ హద్దులో ఎంత శాతం ఉందో), హెచ్‌టూఎస్ (హైడ్రోజన్ సల్ఫైడ్), సీవో (కార్బన్ మోనాక్సైడ్) చూపించే నాలుగు గ్యాసుల మీటర్లు వందల సార్లు కాలిబ్రేట్ చేశాను. "మీటర్ పాడైంది సార్" అంటూ నా టేబుల్ మీద పెట్టి వెళ్లేవాళ్లలో పదికి ఎనిమిది మంది బంప్ టెస్ట్ చేసి ఉండరు. ఎంత గ్యాస్ ఉందో ముందే తెలిసిన సిలిండర్ నుంచి ఒక అర నిమిషం మీటర్‌కి పట్టించి అంకె లేస్తోందా, అలారం మోగుతోందా అని చూడటమే బంప్ టెస్ట్. కాలిబ్రేషన్ వేరు, అది అంకెను సరిచేస్తుంది. బంప్ ఫెయిలైతే కాలిబ్రేట్ చేయండి, అదీ తీసుకోకపోతే సెన్సర్ మార్చండి. కాలిబ్రేషన్ స్టిక్కర్ మీద గడువు ఇంకా నాలుగు నెలలు ఉంది కదా అనకండి, నిన్న సాయంత్రం చచ్చిన సెన్సర్ సంగతి స్టిక్కర్‌కి తెలియదు.

ఆన్ చేయగానే ఆక్సిజన్ అలారం

ఆరుబయట 20.9 శాతం చూపించాలి. మామూలు సెట్టింగులో 19.5 కిందికి పడినా 23.5 పైకి వెళ్లినా మోగుతుంది. ఏసీ గదిలోంచి ఎండలోకి తెచ్చిన మీటర్ కాసేపు ఊగుతుంది, పది నిమిషాలు ఆగి ఫ్రెష్ ఎయిర్ జీరో చేయండి, అంటే మంచి గాలిలో పెట్టి అంకెలను మొదటికి తెచ్చుకోవడం. అప్పటికీ 20.9 రాకపోతే సెన్సర్ వయసు చూడండి. సీసంతో పనిచేసే పాత రకమైతే సుమారు రెండేళ్లలో అయిపోతుంది, మీటర్ బీరువాలో పడున్నా అరుగుతూనే ఉంటుంది.

దీనికి తిరగేసిన తప్పు ఇంకా ప్రమాదం. ట్యాంకు అంచున 19.9 చూపిస్తే "అలారం రాలేదుగా, దిగు" అంటారు. గాలిలో ఆక్సిజన్ దాదాపు ఐదో వంతే కాబట్టి, అది 1 శాతం తగ్గాలంటే దాదాపు 5 శాతం మరో గ్యాసేదో వచ్చి చేరి ఉండాలి, అంటే 50,000 పీపీఎం (పది లక్షల వంతుల్లో 50,000 వంతులు). అదేమిటో తేలకుండా ఎవర్నీ దించకండి.

సీవో మైనస్‌లోకి పోవడం

జీరో ఎక్కడ చేశారో గుర్తు చేసుకోండి. డీజీ సెట్ (డీజిల్ జనరేటర్) పక్కనో, ఆన్‌లో ఉన్న జీపు వెనకో చేసి ఉంటారు. అక్కడ 12 పీపీఎం సీవో ఉంటే మీటర్ దాన్నే సున్నా అనుకుంటుంది, మంచి గాలిలోకి రాగానే మైనస్ చూపిస్తుంది. కొన్ని మోడళ్లు మైనస్ కూడా చూపించవు, ఉత్త సున్నా చూపిస్తాయి. అప్పుడు 35కి మోగాల్సింది నిజంగా 47 ఉంటే తప్ప మోగదు. బయట, గాలి వచ్చే వైపు నిలబడి మళ్లీ జీరో చేస్తే చాలు.

బ్యాటరీ రూములో సీవో అలారం వస్తే అది చాలాసార్లు ఛార్జింగ్‌లో వచ్చే హైడ్రోజన్. సీవో సెన్సర్ దానికీ స్పందిస్తుంది. మీటర్ తప్పేమీ లేదు, ముందు గది తలుపులు తెరిచి ఫ్యాను వేయండి. చేతికి శానిటైజర్ రాసుకుని వెంటనే మీటర్ పట్టుకున్నా ఇలాగే అరుస్తుంది.

అంకె తక్కువే ఉంది, అయినా మోగుతోంది

అది టీడబ్ల్యూఏ లేదా ఎస్‌టీఈఎల్ అలారం. మొదటిది 8 గంటల సగటు, రెండోది 15 నిమిషాల సగటు. ఈ క్షణాన గాలి బాగున్నా ఇప్పటిదాకా మీరు పీల్చింది ఎక్కువైందని చెబుతోంది. ఆపి మళ్లీ ఆన్ చేస్తే నోరు మూసుకుంటుందని చాలామందికి తెలుసు, దయచేసి అలా చేయకండి. మనిషిని బయటికి పిలవండి.

హెచ్‌టూఎస్ కాలిబ్రేషన్ తీసుకోవడం లేదు

సిలిండర్ గడువు చూడండి. మళ్లీ చెబుతున్నాను, సెన్సర్ ఆర్డర్ పెట్టేముందు సిలిండర్ గడువు చూడండి. 25 పీపీఎం అని లేబుల్ మీద ఉన్నంత మాత్రాన గడువు దాటాక లోపల 25 ఉండదు. తర్వాత ట్యూబు. ల్యాబ్‌లో దొరికిన రబ్బరు గొట్టం మీటరు పొడవున తగిలిస్తే హెచ్‌టూఎస్‌ని గొట్టమే తాగేస్తుంది. కిట్‌లో వచ్చిన పొట్టి ట్యూబే వాడండి. రెగ్యులేటర్ చాలా మీటర్లకు నిమిషానికి అర లీటరుది కావాలి, మీ మాన్యువల్‌తో సరిచూసుకోండి.

ఎల్ఈఎల్ ఎప్పుడూ సున్నా

దీని గురించి ఎవరూ ఫిర్యాదు చేయరు, ఎందుకంటే సున్నా చూస్తే అందరికీ ధైర్యం. నేను దెబ్బ తిన్నది ఇక్కడే.

ఒక యూనిట్‌లో ఈటీపీ డైజెస్టర్ (మురుగును కుళ్లబెట్టే ట్యాంకు) పక్కన ఉన్న సంపు తెరిచి మా మీటర్ వేలాడదీస్తే సున్నా. పొద్దున్నే బంప్ పాసైన మీటర్ అది, నేనే చేశాను. దిగేవాడు బెల్టు కట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. కాంట్రాక్టర్ మనిషి తన మీటర్ కూడా వేస్తే అందులో 18 శాతం వచ్చి మోగడం మొదలైంది. అందరూ వాడిదే పాడైందన్నారు, మొదట నేనూ అలాగే అనుకున్నాను. పాడైంది మాది.

ఈ సెన్సర్‌లో రెండు చిన్న పూసలు వేడిగా ఉంటాయి. ఒకదాని మీద ఉండే ఉత్ప్రేరకం వల్ల మండే గ్యాస్ అక్కడ కాలుతుంది, ఆ వేడి తేడానే మీటర్ శాతంగా చూపిస్తుంది. సిలికాన్ ఆవిరి ఆ పూసకు తగిలితే కాలి, ఇసుక లాంటి సిలికా పొరగా అంటుకుపోతుంది. ఇక అక్కడ గ్యాస్ కాలదు. మీటర్‌కి అది మంచి గాలిలాగే కనిపిస్తుంది, అందుకే ఏ ఎర్రరూ రాదు. కాల్చడానికి అన్నిటికన్నా మొండిది మీథేన్ కాబట్టి సెన్సర్ మొదట దాన్నే కనిపెట్టలేకపోతుంది. ప్రొపేన్, పెంటేన్ ఇంకా కొన్నాళ్లు కనిపిస్తూనే ఉంటాయి. మా స్టోర్‌లో ఉన్నది పెంటేన్ సిలిండర్, అందుకే బంప్ పాసైంది. సంపులో ఉన్నది మీథేన్.

సిలికాన్ ఎక్కడిదంటే, మీటర్లు పెట్టే బీరువా కింది అరలో సీలెంట్ ట్యూబులు, సిలికాన్ స్ప్రే డబ్బా. ఎవరో తాళం బిగుసుకుందని అక్కడే స్ప్రే కొట్టారు కూడా. జీపు డ్యాష్‌బోర్డుకు రాసే మెరుపు పాలిష్‌లోనూ చాలావాటిలో సిలికాన్ ఉంటుంది.

కాబట్టి బంప్‌కి మీథేన్ ఉన్న సిలిండరే కొనండి. ఎక్కువగా దొరికేది 2.5 శాతం మీథేన్, మీథేన్ దిగువ మంట హద్దును 5 శాతంగా లెక్కేస్తే అది 50 శాతం ఎల్ఈఎల్. లేబుల్ మీద పెంటేన్‌కి సమానం అని రాసి ఉండి లోపల ఉన్నది మీథేనే అయితే ఇబ్బంది లేదు. బంప్‌లో అలారం మోగిందని ఊరుకోకుండా అంకె కూడా రాసి పెట్టుకోండి, 50 నుంచి 44, 37 అని వారం వారం జారుతుంటే సెన్సర్ పోతున్నట్టే. అలాంటిదాన్ని కాలిబ్రేషన్‌తో పైకి లాక్కుంటూ వాడకండి, తుడిస్తే పోయే పొర కాదది, సెన్సర్ మార్చాల్సిందే. మీటర్లకు వేరే బీరువా పెట్టండి.

నైట్రోజన్ పట్టించిన రియాక్టర్‌లో కూడా ఈ సెన్సర్ సున్నా అంటుంది, కాలడానికి ఆక్సిజన్ లేక. ఆక్సిజన్ 10 శాతం కన్నా తక్కువ ఉన్నచోట ఎల్ఈఎల్ అంకెను లెక్కలోకి తీసుకోకండి.

వాకీటాకీ వల్ల అంకె గెంతడం, బోర్డులో తడి, బ్యాటరీ కాంటాక్టులు లాంటివి నేను చాలా అరుదుగా చూశాను. ఫిల్టర్ మూసుకుపోయిందేమో ఒకసారి చూసి మార్చండి, అప్పటికీ కుదరకపోతే సర్వీస్‌కి పంపండి. కొత్త సెన్సర్ వేసిన వెంటనే మాత్రం కాలిబ్రేట్ చేయకండి, మాన్యువల్‌లో చెప్పినంతసేపు కుదురుకోనిచ్చి చేయండి, లేకపోతే మర్నాడు అదే మీటర్ మళ్లీ నా టేబుల్ మీదికొస్తుంది.