నాన్నతో పాత వీ8 – 7వ పాఠం: ఒకటో పిస్టన్ రెండుసార్లు పైకొస్తుంది

పాత అమెరికన్ కార్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్) గురించిన ఈ పాఠంలో కార్బురేటర్ (గాలీ పెట్రోలూ కలిపే భాగం) మొదలుపెట్టాలి. అది వచ్చేసారికి వాయిదా. కిందటిసారి డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి వంతులవారీగా కరెంటు పంచే భాగం) తిరిగి కూర్చోబెట్టడం గురించి రాశాక వచ్చిన మెయిళ్లు చదువుతుంటే నాకే టెన్షన్ పట్టుకుంది. సగానికి పైగా ఒకటే ఫిర్యాదు. సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతోంది, ప్లగ్గుకి కరెంటు అందుతోంది, పెట్రోలు అందుతోంది, ఇంజన్ మాత్రం అందుకోదు. పైగా కార్బురేటర్ నోట్లోంచి ఫట్‌మని మంట. టెక్సాస్‌లో వాళ్లమ్మగారితో కలిసి 1968 కమారో బాగుచేస్తున్న ఒకావిడైతే, మంట చూసి అమ్మ మళ్లీ గ్యారేజీలోకి రావడం లేదని రాశారు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది.

తప్పు నాది. "ఒకటో సిలిండర్‌ని టీడీసీకి తెచ్చి" (అంటే పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటుకి) అని ఒక్క ముక్క రాసి ముందుకెళ్లిపోయాను. మా నాన్నతో ఇదే పని చేసేటప్పుడు ఆ ముక్క దగ్గరే పూటంతా గడిచింది. అది మీకు చెప్పకుండా దాటేయడం సరికాదు.

ముందు ఒక పని చేయండి. సెల్ఫ్ కొట్టడం ఆపేయండి. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అంటూ కొట్టొద్దు. ముఖ్యంగా ఇంజన్‌లో కొత్త క్యామ్ (వాల్వులను తెరిచే గుబ్బల కడ్డీ) వేసినవాళ్లు. ఆ కాలపు ఈ ఇంజన్లలో క్యామ్ మీద ట్యాపెట్ (గుబ్బల కదలికను వాల్వు వైపు నెట్టే ముక్క) నేరుగా రాసుకుంటూ తిరుగుతుంది, మధ్యలో రోలర్ ఉండదు. ఆ గుబ్బలకి నూనె ఎక్కువగా క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే కడ్డీ) చిమ్మితేనే చేరుతుంది. సెల్ఫ్ వేగంలో క్రాంక్ ఏమీ చిమ్మదు. మనం పూసిన పేస్టు కాస్తా తుడుచుకుపోతుంది, ఆ తర్వాత ఇనుము మీద ఇనుము. అందుకే కొత్త క్యామ్ ఇంజన్ మొదటి తిప్పుల్లోనే అందుకోవాలి, అందుకున్న వెంటనే 2000 నుంచి 2500 ఆర్‌పీఎమ్ మధ్య 20, 30 నిమిషాలు ఆడాలి, మధ్యలో ఐడిల్‌కి దిగకూడదు.

మాది 1970 షెవర్లే షెవెల్ మాలిబు, 350 ఇంజన్. కిందటేడు మే నెలలో నేను దీన్ని టైమింగ్ (నిప్పు పడే సమయం) తప్పుగా పెట్టి, బ్యాటరీ నీరసపడేదాకా కొట్టాను. చివరికి స్టార్ట్ అయింది గానీ ఒక పక్క టిక్ టిక్ చప్పుడు. నాన్న డిప్‌స్టిక్ తీసి, ఒక్క నూనె చుక్క అరచేతిలో వేసుకుని, గ్యారేజీ బయట ఎండలోకి నడిచి, చెయ్యి అటూ ఇటూ వంచి చూశారు. నూనెలో సన్నటి వెండి మెరుపు. ఏమీ అనకుండా ఆ చెయ్యి నా ముందు పెట్టారు. క్యామ్, ట్యాపెట్లు అన్నీ మళ్లీ కొన్నాం, ఇంజన్ విప్పి కడిగాం. డబ్బు సంగతి అలా ఉంచండి. ఆయన ఇండియా నుంచి వచ్చి ఇక్కడ అమెరికాలో ఉండేదే 6 నెలలు, అందులో 3 వారాలు దీనికే పోయాయి. మీలో చాలామంది అమ్మానాన్నలది కూడా ఇలాంటి గడువే కాబట్టి చెబుతున్నాను.

ఇప్పుడు అసలు విషయం.

నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ఒక సిలిండర్ తన పని పూర్తి చేయడానికి క్రాంక్ రెండు చుట్లు తిరగాలి. ఆ రెండు చుట్లలో పిస్టన్ రెండుసార్లు పైకొస్తుంది. ఒకసారి గాలీ పెట్రోలూ బిగించి పట్టుకుని వస్తుంది, అది కంప్రెషన్. ఇంకోసారి కాలిన పొగను బయటికి నెట్టుతూ వస్తుంది, అది ఎగ్జాస్ట్. నిప్పు పడాల్సింది మొదటిదాని చివర. రెండోదాని చివర పడితే ఇంజన్ అందుకోదు, మంట కార్బురేటర్ వైపు తన్నుతుంది. ఇంజన్ ముందున్న బ్యాలెన్సర్ (క్రాంక్ చివరి చక్రం) మీది గీత మాత్రం రెండుసార్లూ సున్నా దగ్గరికే వస్తుంది, ఎందుకంటే అది క్రాంక్‌తో తిరుగుతుంది. డిస్ట్రిబ్యూటర్ క్యామ్‌తో తిరుగుతుంది, రెండు చుట్లకి ఒక్కసారి.

"గీత సరిగ్గా సున్నా మీద ఉందండీ, ఫోటో చూడండి" అని నాకు ఎన్ని ఫోటోలు వచ్చాయో. గీత సున్నా మీద ఉండటం సరిపోదు. గడియారంలో ముల్లు 12 మీద ఉంటే అది మధ్యాహ్నమో అర్ధరాత్రో ముల్లు చెప్పదు, కిటికీ తెరిచి చూడాలి. ఇక్కడ కిటికీ అంటే ఒకటో ప్లగ్గు రంధ్రం. అది చూడకుండా గీతను నమ్మి డిస్ట్రిబ్యూటర్ దింపినవాళ్లలో సగం మందికి అదృష్టం కలిసొచ్చింది, మిగతా సగం మంది నాకు మెయిల్ రాశారు. గీత అబద్ధం కూడా చెప్పగలదు. బ్యాలెన్సర్ బయటి రింగుకీ లోపలి ముక్కకీ మధ్య రబ్బరు ఉంటుంది. 50 ఏళ్ల రబ్బరు జారితే రింగుతోపాటు గీతా జారుతుంది. కాబట్టి గీతను చివర్లో చూడండి, మొదట్లో కాదు.

గేరు న్యూట్రల్లో పెట్టడం, బ్యాటరీ నెగటివ్ తీయడం మీకు తెలిసినవే. ఎనిమిది ప్లగ్గులూ తీసేయండి, ఇంజన్ చేతికి తేలిగ్గా తిరుగుతుంది. ఒకరు ముందు వైపు కూర్చుని, క్రాంక్ పుల్లీ మధ్య బోల్టుకి సాకెట్ తగిలించి పొడుగు పిడితో తిప్పాలి. ముందు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు. రెండోవారు ఒకటో ప్లగ్గు రంధ్రం దగ్గర ఉండాలి. ఆ చోటు అమ్మకో నాన్నకో ఇవ్వండి. అది పని తెలియాల్సిన చోటు, బలం అక్కర్లేదు.

రంధ్రం మీద బొటనవేలు గట్టిగా ఆనించాలి. పిస్టన్ కంప్రెషన్‌లో పైకొస్తుంటే గాలి వేలిని తోసుకుని బయటికి వస్తుంది, ఆపుదామన్నా ఆగదు. ఎగ్జాస్ట్ అయితే వేలికి ఏమీ తెలియదు. మా నాన్న వేలు పెట్టరు. టిష్యూ కాగితం తడిపి, నలిపి, చిన్న ఉండ చేసి రంధ్రం నోట్లో వదులుగా దోపుతారు. లోపలికి జారిపోనంత పెద్దదిగా ఉండాలి. కంప్రెషన్ రాగానే అది టప్‌మని ఎగిరి ఫెండర్ మీద పడుతుంది. బస్సు డిపోలో ఏళ్ల తరబడి పనిచేయడంతో ఆయనకి వినికిడి తగ్గింది. అందుకని ఉండ ఎగరగానే నా భుజం మీద తడతారు, నేను పిడి ఆపేస్తాను. అప్పుడే గీత వైపు చూస్తాం. అది సున్నాకి కాస్త ముందే ఉంటుంది. మెల్లగా సున్నాకి తేవాలి. దాటిపోతే పావు చుట్టు వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకే రండి. టైమింగ్ చైన్‌లో (క్రాంక్‌నీ క్యామ్‌నీ కలిపే గొలుసు) ఉండే వదులు లెక్కలో కలవకూడదు.

అనుమానం తీరకపోతే వాల్వ్ కవర్ తీయండి. కంప్రెషన్ టీడీసీ దగ్గర ఒకటో సిలిండర్ రెండు వాల్వులూ మూసి ఉంటాయి, గీత సున్నా దగ్గర ఉండగా ఇంజన్‌ని కాస్త అటూ ఇటూ కదిపినా రాకర్లు (వాల్వులను నొక్కే చేతులు) కదలవు. అదే సమయంలో ఆరో సిలిండర్ రాకర్లు రెండూ ఊగుతుంటాయి, ఒకటి మూసుకుంటూ, ఇంకొకటి తెరుచుకుంటూ. ఒకటీ ఆరూ జంట, కలిసి పైకొస్తాయి, ఒకటి కాలేటప్పుడు ఇంకొకటి ఊదుతుంది. నాన్న ఆర్టీసీలో చేరకముందు విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో అంబాసిడర్ ఇంజన్లు చేసేవారు. అందులో సిలిండర్లు కాలే వరుస 1-3-4-2, జంట ఒకటీ నాలుగూ. వీ8 చూడగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న "దీంట్లో ఒకటికి జంట ఎవర్రా?" అని. ఏ ఇంజన్ అయినా వరుసను సగానికి విరవండి, ఒకటికి ఎదురుగా వచ్చేదే జంట.

వరుసల విషయానికి వస్తే, నేను షెవీ (షెవర్లే) గురించి రాసింది ఫోర్డ్ మీద పెట్టి ఇబ్బంది పడినవాళ్లు ఉన్నారు. షెవీ స్మాల్ బ్లాక్‌లో (మా 350 ఆ రకమే) వరుస 1-8-4-3-6-5-7-2, డ్రైవర్ పక్క 1, 3, 5, 7, రోటర్ (డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగే ముల్లు) గడియారం వైపు తిరుగుతుంది. ఫోర్డ్ 289లో 1-5-4-2-6-3-7-8, ప్యాసింజర్ పక్క 1, 2, 3, 4, డ్రైవర్ పక్క 5, 6, 7, 8, డిస్ట్రిబ్యూటర్ ఇంజన్ ముందు ఉంటుంది, రోటర్ గడియారానికి ఎదురు తిరుగుతుంది. పాంటియాక్‌లో వరుస షెవీదే, తిరగడం మాత్రం ఎదురు. మోపార్‌లోనూ (క్రైస్లర్ కంపెనీ ఇంజన్లు) అదే వరుస. 318, 340 గడియారం వైపు, 383, 440 ఎదురు. న్యూజెర్సీ నుంచి ఒకాయన 1967 మస్టాంగ్ గురించి రాశారు. పుస్తకం ప్రకారం వైర్లు పెట్టినా ఇంజన్ దగ్గుతోందట. నాలుగు మెయిళ్ల తర్వాత తేలింది, ఎప్పుడో ఎవరో అందులో 80ల నాటి 302 హెచ్‌ఓ ఇంజన్ వేశారు. దాని వరుస 1-3-7-2-6-5-4-8, 351 విండ్సర్ వరుసే. కారు ఏ ఏడాదిదని కాదు, లోపల తిరిగే క్యామ్ ఏదని చూడాలి. రాకర్లు ఏ క్రమంలో కదులుతున్నాయో చేత్తో తిప్పి చూస్తే తెలిసిపోతుంది.

డిస్ట్రిబ్యూటర్ పూర్తిగా కిందికి దిగట్లేదని రాసినవాళ్లకి: దయచేసి క్లాంప్ బిగించి లోపలికి నొక్కకండి. షెవీలో దాని అడుగు భాగం ఆయిల్ పంపు కడ్డీతో సరిగ్గా కలిసి కూర్చోవాలి. కూర్చోకపోతే పావు అంగుళం పైనే నిలబడుతుంది. పొడుగు స్క్రూడ్రైవర్‌తో రంధ్రంలోంచి ఆ కడ్డీని కొంచెం తిప్పి మళ్లీ దింపండి. గేరు పళ్లు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి దింపేటప్పుడు రోటర్ కొంత తిరుగుతుంది. ఎంత తిరుగుతుందో పైకి తీసేటప్పుడే చూసి, అంత వెనక్కి పెట్టి దింపాలి.

తీరా చూస్తే అర చుట్టు తేడాగా కూర్చుందని తెలిసింది. ఇప్పుడేం చేయాలి? ఇక్కడ నాకూ నాన్నకీ ఒప్పందం లేదు. ఆయన క్యాప్ మీది ఎనిమిది వైర్లూ నాలుగేసి గూళ్లు జరిపేస్తారు, 5 నిమిషాల పని. ఇంజన్‌కి తేడా ఏమీ ఉండదు, నిజమే. నేను డిస్ట్రిబ్యూటర్ తీసి అర చుట్టు తిప్పి దింపుతాను. రేపు ఈ కారు ఇంకెవరి చేతికో వెళ్తే, వాళ్లు పుస్తకం తెరిచి ఒకటో గూడు కోసం వెతుకుతారు. అక్కడ ఒకటో వైరు ఉండాలన్నది నా పట్టుదల. మీరు ఏది చేసినా క్యాప్ మీద తెల్ల పెయింటుతో 1 అని రాయండి. షెవీవాళ్లు 5, 7 వైర్లను ఒకదానికొకటి తగలకుండా దూరంగా కట్టండి. ఆ రెండు సిలిండర్లూ పక్కపక్కన ఉండి, ఒకదాని వెంట ఒకటి కాలుతాయి. ఒక వైరు కరెంటు రెండోదానిలోకి దూకే ప్రమాదం ఉంది.

స్టార్ట్ చేసే ముందు పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్‌లో కరెంటును కలిపి తెంచే స్విచ్) సరిగ్గా ఎప్పుడు తెరుచుకుంటున్నాయో చూసుకోవాలి. ఇంజన్‌ని కంప్రెషన్ టీడీసీకి కొన్ని డిగ్రీల ముందు నిలపండి, ఎన్ని డిగ్రీలో మీ కారు స్టిక్కర్ మీదో షాప్ మాన్యువల్‌లోనో ఉంటుంది. బ్యాటరీ తగిలించి కీ ఆన్ చేసి, పాయింట్ల వైరుకీ బాడీకీ మధ్య 12 వోల్టుల టెస్ట్ ల్యాంపు పెట్టండి. డిస్ట్రిబ్యూటర్‌ని మెల్లగా తిప్పితే పాయింట్లు తెరుచుకున్న క్షణంలో ల్యాంపు వెలుగుతుంది. నాన్న ల్యాంపు వాడరు. సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితం పాయింట్ల మధ్య పెట్టి, రెండు వేళ్లతో సుతారంగా లాగి పట్టుకుంటారు. పాయింట్లు విడిన క్షణంలో కాగితం చేతిలోకి వచ్చేస్తుంది. ఒకరోజు రెండు పద్ధతులూ పక్కపక్కన చేసి చూశాం. నా ల్యాంపు వెలిగింది, ఆయన కాగితం వచ్చేసింది, రెంటికీ మధ్య గీత కదలనే లేదు. కీ ఎక్కువసేపు ఆన్‌లో ఉంచకండి, కాయిల్ వేడెక్కుతుంది.

ఇంజన్ అందుకున్నాక, షెవీల్లో ఉండే డెల్కో డిస్ట్రిబ్యూటర్ క్యాప్‌కి ఉన్న చిన్న కిటికీ ఎత్తి, ఆలెన్ కీతో స్క్రూ గడియారం వైపు తిప్పండి. ఇంజన్ మిస్సింగ్ మొదలవగానే అర చుట్టు వెనక్కి తిప్పి ఆపండి. డ్వెల్ మీటరు (పాయింట్లు ఎన్ని డిగ్రీలపాటు మూసి ఉన్నాయో చూపేది) ఉంటే 30 డిగ్రీలు. టైమింగ్ లైటు పెట్టేటప్పుడు వాక్యూమ్ గొట్టం తీసి ఆ గొట్టం నోరు మూసేయండి. మిగతాది మాన్యువల్‌లో బాగానే రాసి ఉంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు కార్బురేటర్ మీదికి ఎవరూ వంగకూడదు, మంటలార్పే సిలిండర్ చేతికందేలా ఉండాలి.

అభ్యాసం. ఇది ఒక పూటలో అయ్యేది కాదు, రెండు శనివారాలు పెట్టుకోండి.

ప్లగ్గులన్నీ తీసి, బ్యాటరీ మళ్లీ విప్పి, వాల్వ్ కవర్లు రెండూ తీయండి. ఒక కాగితం పట్టీని బ్యాలెన్సర్ చుట్టూ చుట్టి, సరిగ్గా ఒక చుట్టు దగ్గర కత్తిరించి, నాలుగు సమాన భాగాలుగా మడవండి. మడతల దగ్గర సుద్దముక్కతో గీతలు గీస్తే 90 డిగ్రీలకొక గుర్తు వస్తుంది. ఒకటో సిలిండర్ కంప్రెషన్ దగ్గర మొదలుపెట్టి, ఒక్కో గుర్తు దగ్గర ఆగుతూ రెండు చుట్లు తిప్పండి. ఎనిమిది చోట్ల ఆగుతారు, మీ ఇంజన్ వరుసలో ఎనిమిది సిలిండర్లూ ఒక్కొక్కటే కంప్రెషన్‌కి రావాలి. ఆగిన ప్రతిచోటా మూడు చూడండి. ఆ సిలిండర్ నుంచి కాగితం ఉండ ఎగిరిందా, దాని రెండు వాల్వులూ మూసి ఉన్నాయా, రోటర్ దాని వైరు ఉన్న గూటి వైపే చూస్తోందా. నోట్‌బుక్‌లో రాసుకోండి.

రెండో శనివారం చోట్లు మార్చుకోండి. పిడి అమ్మకో నాన్నకో ఇచ్చి, వాళ్ల మోకాళ్లకి ఇబ్బంది లేకుండా ఎత్తు స్టూలు వేసి, ఉండ దగ్గర మీరుండండి. మళ్లీ ఎనిమిదీ రాయండి, మొదటి పేజీ చూడకుండా. రెండు పేజీలూ కలవని సిలిండర్ ఏదైనా ఉంటే దాని నంబరు, ఇంజన్ పేరు, రోటర్ తిరిగే వైపు రాసి నాకు పంపండి. అన్నీ కలిసినవాళ్లు కార్బురేటర్ విప్పి, ఒక్కో జెట్టూ ఎక్కడి నుంచి వచ్చిందో ఫోటో తీసి, విడివిడి గిన్నెల్లో పెట్టుకోండి. టెక్సాస్ అమ్మగారికి నాన్న ఒక మాట చెప్పమన్నారు: ఇప్పుడు మంట రాదమ్మా, ఈసారి ఉండ మీరే పెట్టండి.