దసరాకు ఊరెళ్తున్నారా? కుక్కను అప్పగించే ముందు గేటు బేడం చూడండి

దసరా సెలవులు ఇచ్చారంటే హన్మకొండలో సగం ఇళ్లకు తాళాలు పడతాయి. కొందరు ఎంగిలిపూల నాడే బయల్దేరితే, మిగిలినవాళ్లు సద్దుల బతుకమ్మకు ముందురోజు బస్సెక్కుతారు. పెంచుకునే కుక్కనో పిల్లినో కిందింటి అద్దెవాళ్లకో, ఎదురింటి అక్కకో, డబ్బు తీసుకుని చూసుకునే కుర్రాడికో అప్పగించి పోతాం. ‘మాకంటే వాళ్లే ఎక్కువ ముద్దు చేస్తారు’ అనే ధీమా ఒకటి. నేనూ ఆ ధీమాతోనే వెళ్లాను. ముద్దు చేయడంలో ఏ లోటూ రాలేదు. గేటు దగ్గరే తేడా వచ్చింది.

దసరా సాయంత్రం మన దగ్గర ఎలా ఉంటుందో తెలిసిందే. జమ్మి ఆకు చేతిలో పెట్టి అలయ్ బలయ్ తీసుకునేవాళ్లు, పెద్దల కాళ్లు మొక్కేవాళ్లు వస్తూనే ఉంటారు. గేటు వేసే తీరిక ఉండదు. మా బబ్లూను చూసుకుంటున్న కిందింటి వదిన ఎవరికో జమ్మి ఇస్తుండగా గల్లీ చివర లడీ పేలింది. వాడు ఆమె కాళ్ల సందులోంచి దూరి ఉరికాడు. మూడో రోజు వడ్డేపల్లి చెరువు వైపు ఒక టీ కొట్టు దగ్గర బిస్కెట్లు తింటూ దొరికాడు. అప్పటిదాకా వదిన సరిగ్గా అన్నం తినలేదు. తప్పు ఆమెది కాదు. చప్పుడు వింటే వాడు మంచం కిందికి కాదు, గేటు వైపే ఉరుకుతాడని నాకు తెలుసు. గేటు తీసేటప్పుడు నా మోకాలు దానంతట అదే అడ్డం పోతుంది. అది చెప్పాల్సిన విషయమని నాకు తోచనే లేదు.

అందుకే ఇప్పుడు జాగ్రత్తల కాగితం రాసిచ్చే ముందు ఇంకో పని చేస్తున్నాను. బయల్దేరడానికి వారం ముందు, చూసుకునేవాళ్లను ఒక పూటంతా మా ఇంట్లో అన్నీ చేయమంటాను. తిండి, బయట తిప్పడం, గేటు తీయడం, రాత్రి పడుకోబెట్టడం. నేను కుర్చీలో కూర్చుని చూస్తాను. ‘అట్ల కాదు’ అని నోటికి వచ్చిన ప్రతిసారీ ఒక లైను రాసుకుంటాను. కాగితం దానంతట అదే తయారవుతుంది. కుక్కను వాళ్లింట్లో ఉంచేటట్టయితే, ఒక రాత్రి అక్కడ పడుకోబెట్టి చూడకుండా ఊరు కదలొద్దు.

పండుగ రోజు మధ్యాహ్నమే, వెలుతురుండగానే కుక్కను బయట తిప్పి తీసుకురావాలి. చీకటి పడక ముందే లోపలి గదిలో పెట్టి, కిటికీలు మూసి, ఫ్యాను, టీవీ వేసి ఉంచాలి. ఉర్సు గుట్ట రంగలీల మైదానంలో రావణవధ అయ్యేదాకా, ఆ చుట్టుపక్కల వాళ్లు అసలు తలుపు తీయకపోవడమే మేలు. గేటుకూ కుక్కకూ మధ్య ఎప్పుడూ ఇంకో మూసిన తలుపు ఉండాలి. భయపడుతోందని గొలుసుతో కట్టేయొద్దు. గోడ దూకబోయి మెడకు బిగుసుకుంటుంది. మెడ బెల్టు కింద రెండు వేళ్లు పట్టాలి. అంతకంటే వదులైతే వెనక్కి లాక్కుని తల తీసేస్తుంది. బెల్టు మీద మీ నంబరొక్కటే చాలదు, ఊళ్లో ఉన్నవాళ్లదీ రాయండి. తప్పిపోతే పేరు పిలుస్తూ వెంటపడొద్దు, బెదిరి ఇంకా దూరం పోతుంది. మీరు కట్టి విడిచిన లుంగీయో చీరో గేటు దగ్గర వేయాలి. గల్లీ సద్దుమణిగాక, తెల్లవారుజామున మళ్లీ వెతకాలి.

ఇక తిండి. పండుగ పూట మనం తింటూ దానికి పెట్టకపోవడం ఎవరికీ మనసొప్పదు. అసలు ప్రమాదం ఆ ప్రేమతోనే. ఉడికిన మటన్, చికెన్ బొక్కలు పెళుసై, సూదుల్లా విరిగి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాయి. కూరలోని ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ కుక్కల, పిల్లుల రక్తకణాలను పాడుచేస్తాయి. మలీదలో కిస్మిస్ వేస్తే అది కుక్కకు పెట్టొద్దు, ద్రాక్ష జాతి ఏదైనా దాని కిడ్నీలను దెబ్బతీయగలదు. చాక్లెట్ కూడా వద్దు. కొవ్వు కూర తింటే వాంతులు పట్టుకోవచ్చు. కాబట్టి ‘కొంచెమే పెట్టండి’ అనొద్దు, ‘ఏమీ పెట్టొద్దు’ అనండి. కొంచెం అనే మాటకు ఒక్కొక్కరి ఇంట్లో ఒక్కో కొలత ఉంటుంది. రోజూ పెట్టేది మీ గిన్నెతోనే కొలిచి పెట్టమనండి.

మందుల విషయంలో ఇంకా కచ్చితంగా ఉండాలి. ఒళ్లు వెచ్చగా ఉందని ఇంట్లో ఉన్న పారాసెటమాల్ వేస్తారు. ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. నొప్పులకు మనం వాడే ఐబుప్రొఫెన్ కుక్కకూ విషమే. అసలు కుక్క ఒళ్లు మనకంటే వెచ్చగానే ఉంటుంది, 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దానికి మామూలు. వానల తర్వాత గోమార్లు ఎక్కువ కాబట్టి వాటికి వాడే చుక్కల మందు మీరే వేసి వెళ్లండి. పర్మెత్రిన్ ఉన్న కుక్కల మందు పిల్లికి పడదు, ఫిట్స్ వచ్చి చచ్చిపోవచ్చు. రెండూ ఉన్న ఇంట్లో ఆ సీసా చూసుకునేవాళ్ల చేతికే ఇవ్వకండి. టీకాలు బాకీ ఉంటే ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందే వేయించాలి, శరీరం తయారు కావడానికి అంత సమయం పడుతుంది.

పిల్లిని మాత్రం ఇల్లు మార్చొద్దని నా మాట. దానికి మనుషులకంటే ఇల్లే ముఖ్యం. ఎవరైనా రోజుకు రెండుసార్లు వచ్చి తిండి, నీళ్లు, ఇసుక డబ్బా చూసి, ఒక్కసారి కళ్లారా పిల్లిని చూసి పోవాలి. ‘గిన్నె ఖాళీ అయింది, తిన్నట్టే ఉంది’ అంటే లెక్కలోకి రాదు, గోడ దూకి వచ్చిన పిల్లి తిని ఉండొచ్చు. మగపిల్లి డబ్బాలో మాటిమాటికీ కూర్చుని మూత్రం పోయలేకపోతే తెల్లారేదాకా ఆగొద్దు. మూత్రం అడ్డుపడితే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోతుంది. రెండు రోజులు తిండి ముట్టకపోయినా లివర్ మీద పడుతుంది. పెద్ద కుక్క బెంగతో ఒకరోజు తినకపోతే అంత టెన్షన్ అక్కర్లేదు. కుక్కపిల్ల అయితే, అందులోనూ వాంతులు, రక్త విరేచనాలు ఉంటే, అదే పూట డాక్టరు చూడాలి.

ఆ డాక్టరు పండుగ రోజు ఉంటాడా? ఇది ముందే ఫోన్ చేసి కనుక్కోండి, ఆయన ఊరెళ్తే ఇంకెవరి దగ్గరికి పోవాలో అడగండి. కొంత డబ్బు అడ్వాన్సుగా ఇచ్చి, ‘చికిత్స చేయించండి, నన్ను అడగడం కోసం ఆగొద్దు’ అని వాట్సాప్‌లో రాసి పెట్టండి. ఫోన్ తగలక, మన డబ్బు ఖర్చుపెట్టడానికి మొహమాటపడి రాత్రంతా కూర్చున్నవాళ్లు నాకు తెలుసు.

చూసుకునేవాళ్లను కుక్క గీరినా, కరిచినా చెప్పడానికి వాళ్లే సిగ్గుపడతారు. కారం, సున్నం, పసరు ఏదీ పెట్టకుండా ధారగా పడే నీళ్లలో సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఎంజీఎంకు గానీ దగ్గరి ఆస్పత్రికి గానీ వెళ్లాలి. ‘మాదానికి టీకా అయింది’ అని ఆపొద్దు, రేబీస్ సూది కావాలో వద్దో డాక్టరు చెప్పాలి. టీకా కార్డు ఫొటో మాత్రం వాళ్ల ఫోన్‌లో ఉంచండి.

డబ్బు కట్టే చోట వదిలేటట్టయితే చెప్పకుండా ఒకసారి వెళ్లి చూడండి. టీకా కార్డు అడగకుండానే మీ కుక్కను తీసుకుంటున్నారంటే, పక్క బోనులో కుక్కదీ అడిగి ఉండరు. అక్కడినుంచి వచ్చేయండి.

వీడియో కాల్ గురించి ఇంట్లో నాకూ మా ఆవిడకూ ఇప్పటికీ గొడవే. ఫోన్‌లో మన గొంతు విని బబ్లూ ఇల్లంతా వెతుకుతాడు, తర్వాత గంటసేపు గేటు దగ్గరే కూర్చుంటాడు. నేను చేయొద్దంటాను, ఆమె చేస్తుంది. తిరిగొచ్చాక మొదటి పని మాత్రం ఇద్దరం కలిసే చేస్తాం. చెవుల్లో, వేళ్ల సందుల్లో గోమార్లు వెతికి, పాదాలు చూసి, బెల్టు ఎక్కడైనా ఒరుసుకుందేమో చూస్తాం. ఆ రోజంతా వాడు మాకు వీపు చూపించి పడుకుంటాడు.