చైనాటౌన్‌లో ఏడో నెల: కాలు చూసుకుని వెయ్యండి

ఆగస్టు, సెప్టెంబరుల్లో సింగపూర్ వచ్చి చైనాటౌన్ గుళ్లు చూద్దామనుకుంటున్నారా? అప్పుడు చైనావాళ్ల చాంద్రమాన పంచాంగంలో ఏడో నెల నడుస్తూ ఉండొచ్చు. మన మహాలయ పక్షాల్లాంటిదే, కాకపోతే నెలంతా ఉంటుంది. పోయిన పెద్దలతోపాటు, పెట్టేవాళ్లు లేని ఆత్మలూ ఆకలితో తిరుగుతాయని వాళ్ల నమ్మకం. అందుకే ఫుట్‌పాత్ అంచున, చెట్టు మొదట్లో రెండు నారింజలు, కాస్త అన్నం, ఓ కప్పు టీ, గుచ్చిన అగరొత్తులు కనబడతాయి. ఫోన్‌లో మ్యాప్ చూస్తూ నడిచేవాళ్ల కాలు సరిగ్గా వాటిమీదే పడుతుంది. పిల్లల చెయ్యి వదలకండి, నారింజ కనబడితే వాళ్లు ఊరుకోరు.

ఆత్మలకు అందుతాయని కాగితపు డబ్బులు కాల్చే డ్రమ్ములకు దూరంగా నడవండి. నిప్పురవ్వ ఎగిరి సింథటిక్ చున్నీమీద పడితే చాలు. ఉబ్బసం ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ బ్యాగు అడుగున కాదు, జేబులో పెట్టుకోవాలి. సాయంత్రం వీధి స్టేజీమీద పాటలు మొదలవుతాయి. ముందు వరస ఖాళీగా ఉందని వెళ్లి కూర్చోకండి, ఆ కుర్చీలు ఆత్మలకు!

తెలోక్ ఆయర్ వీధిలోని థియాన్ హాక్ కెంగ్ గుడిని 1842లో పూర్తిచేశారు. సముద్రం దాటి క్షేమంగా చేరినవాళ్లు సముద్రదేవత మాజు అమ్మవారికి మొక్కు చెల్లించిన చోటు. అప్పట్లో గుడి ఎదురుగానే సముద్రం, ఇప్పుడు అటు చూస్తే ఆఫీసు భవనాలే. కుడి తలుపున లోపలికి, ఎడమ తలుపున బయటికి. గడప బాగా ఎత్తు, తొక్కకుండా దాటాలి. పైకప్పు చూస్తూ దాటబోయి మా అత్తయ్య కుచ్చిళ్లు తట్టుకుని పడబోయింది. ఇక్కడ చెప్పులు విప్పనక్కర్లేదు.

బుద్ధుడి దంతమని నమ్మేదాన్ని ఉంచిన గుడి, బుద్ధ టూత్ రెలిక్ టెంపుల్‌ను 2007లో తెరిచారు. అక్కడికి షార్ట్స్, స్లీవ్‌లెస్ వద్దు. దంతం ఉన్న నాలుగో అంతస్తులో చెప్పులు విప్పాలి, ఫొటోలు తియ్యకూడదు.

శాకాహారులైతే వీధి తిళ్లు అడిగి కొనండి, బిస్కెట్లలోనూ పంది కొవ్వు వాడతారు. పాత దుకాణాల ముందు అరుగుల్లాంటి నడవలుంటాయి. ఒక్కో కొట్టు ముందు ఒక్కో ఎత్తు, పైగా వానపడితే పలకలు జారతాయి.

చివరగా, సౌత్ బ్రిడ్జ్ రోడ్డులో 1827 నాటి మరియమ్మన్ గుడి. పక్కనున్న పగోడా (అంతస్తుల గోపురం) వీధికి ఆ పేరు ఈ గోపురాన్ని చూసే పెట్టారు. ఇక్కడ మాత్రం చెప్పులు బయటే. ఎండ ఎక్కితే ఆవరణలో రాయి కాలుతుంది, మధ్యాహ్నం కొన్ని గంటలు గుడి మూసేస్తారు కూడా. పొద్దున్నే వెళ్లండి.