మీ సంఘం అనుభవాన్ని పక్క ఊరి ఆడవాళ్లకు ఎలా చెప్పాలి?

పదేళ్లుగా పొదుపు సంఘం నడుపుతున్న లీడరుకు ఎప్పుడో ఒకప్పుడు పక్క ఊరి నుంచి ఫోన్ వస్తుంది. "అక్కా, మా వాళ్లకొచ్చి నాలుగు మాటలు చెప్పరా?" అంటారు. సరేనంటాం. తీరా ముందురోజు రాత్రి టెన్షన్ మొదలవుతుంది. ఏం చెప్పాలో తోచక చాలామంది ట్రైనింగ్‌లో విన్నదే అప్పజెప్పి వస్తారు. సంఘం పాటించాల్సిన పంచసూత్రాలు, ఐకమత్యం, మహిళాశక్తి. చప్పట్లు కొడతారు, టీ తాగుతారు, మర్నాటి నుంచి ఆ సంఘం పని మామూలే.

ఒక ఊరి ఆడవాళ్ల అనుభవం ఇంకో ఊరిని కదిలించడం మనకు కొత్తేమీ కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, తోటి ఆడవాళ్లు సారా దుకాణానికి ఎదురు తిరిగిన సంగతిని అక్షరాస్యత తరగతుల వాచకంలో పాఠంగా పెట్టారు. రాత్రి బడిలో అది చదివిన ఊళ్లలో మనమెందుకు చేయకూడదన్న మాట పుట్టింది. 1992 కల్లా ఉద్యమం ఊరూరా పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం అమల్లోకి వచ్చింది. తర్వాతి రోజుల్లో పొదుపు సంఘాలను చూసే ప్రభుత్వ సంస్థ సెర్ప్ ఇదే దారిలో పాత సంఘాల సభ్యులను సీఆర్పీలుగా, అంటే తమ అనుభవంతో కొత్తవాళ్లకు నేర్పేవాళ్లుగా, కొత్త ఊళ్లకు పంపింది. మన అక్కలు బిహార్ దాకా వెళ్లి, అక్కడి పల్లెల్లో రోజుల తరబడి ఉండి సంఘాలు కట్టించారు. చాలామందికి హిందీ అంతంతమాత్రమే. సొంత కథ ఉంది కాబట్టే అక్కడ నెగ్గుకొచ్చారు.

ఆ కథను ఎలా చెబితే వినేవాళ్లకు పనికొస్తుందో చూద్దాం.

1. ముందు ఆ ఊరి సంగతి కనుక్కోండి

వెళ్లే ముందు అక్కడి వీవోఏకు, అంటే ఊళ్లోని సంఘాలన్నీ కలిసిన గ్రామ సంఘం లెక్కలు చూసే ఆమెకు, ఫోన్ చేయండి. సంఘం పెట్టి ఎన్నాళ్లయింది, మీటింగులు జరుగుతున్నాయా, అప్పు ఎక్కడైనా ఆగిందా అని అడగండి. ఆ తర్వాత సంఘంలో మామూలు సభ్యురాలు ఒకరితో కూడా మాట్లాడండి. రెండు చోట్లా ఒకే జవాబు రావడం తక్కువ. పుస్తకాల్లో నాలుగు మీటింగులు ఉంటాయి, సభ్యురాలేమో "లీడరమ్మ ఇంటికి వెళ్లి సంతకాలు పెట్టి వస్తాం" అంటుంది. మీరు దేని గురించి మాట్లాడాలో అక్కడే తెలిసిపోతుంది.

2. ఒక్క సంఘటన ఎంచుకోండి

అసలు పని ఇదే, దీనికే ఎక్కువ టైమ్ పెట్టండి. పుట్టింటి నుంచి మొదలుపెట్టి మండల సమాఖ్య అధ్యక్షురాలు అయ్యేదాకా చెప్పుకొస్తే అది సన్మాన పత్రంలా ఉంటుంది. మీ సంఘం విడిపోయే దాకా వచ్చిన ఒక వారాన్ని గుర్తు తెచ్చుకోండి. ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసుకోండి: డబ్బెంత, అడ్డం పడిందెవరు, మీరేం చేశారు, తర్వాత ఏమైంది.

తేడా ఎలా ఉంటుందో చూడండి. మామూలుగా ఇలా చెబుతాం: "ఎన్నో కష్టాలు పడ్డాం, అయినా పట్టుదలతో నిలబడ్డాం." ఇందులో పట్టుకుని వెళ్లడానికి ఏమీ లేదు. అదే సంగతిని ఇలా చెప్పొచ్చు:

"ఒకామె గేదె కోసం అప్పు తీసుకుంది. మూడో వాయిదా కట్టలేదు. నలుగురు సభ్యులు మా పొదుపు మాకిచ్చేయండని గొడవకు దిగారు. నేనూ ఇంకో ఆమే కలిసి వాళ్లింటికి వెళ్లాం. డబ్బు ఊసెత్తకుండా ఏమైందని అడిగాం. గేదె చచ్చిపోయిందట, సిగ్గేసి మీటింగుకు రావడం మానేసింది. తర్వాతి మీటింగులో వాయిదాను వెయ్యి నుంచి మూడొందలకు తగ్గించాం. ఆ మాట మినిట్స్ పుస్తకంలో తీర్మానంగా రాసి అందరం సంతకాలు పెట్టాం. నెలనెలా పొదుపు మాత్రం ఆపొద్దన్నాం. పొదుపు తీసుకుని వెళ్లిపోతామన్న నలుగురిలో ఇద్దరు నిజంగానే వెళ్లిపోయారు."

ఇది విన్న కొత్త లీడరుకు వాయిదా ఆగితే మొదట ఏం అడగాలో తెలుస్తుంది. వాయిదా తగ్గించే అధికారం సంఘానికి ఉందనీ, అది నోటిమాటగా కాక తీర్మానంగా ఉండాలనీ తెలుస్తుంది. ఆ చివరి వాక్యాన్ని మాత్రం దాచకండి. ఇద్దరు వెళ్లిపోయినా సంఘం నడిచిందన్న మాట, అందరూ కలిసిపోయారన్న మాట కంటే ఎక్కువ ధైర్యం ఇస్తుంది.

3. పేర్లు తీసేయండి

పక్క ఊరంటే సగం మంది బంధువులే ఉంటారు. గేదె చచ్చిపోయినామె మీ ముందు కూర్చున్నావిడకు ఆడపడుచు కావచ్చు. భర్త కొట్టిన సంగతులు, ఇంట్లో అప్పుల సంగతులు ఉంటే ముందే ఆ సభ్యురాలి అనుమతి తీసుకోండి. ఆమె వద్దంటే ఇంకో సంఘటన వెతుక్కోండి.

4. టైమ్, చోటు వాళ్ల వీలును బట్టి

నాట్లు, కలుపు, ఉపాధి పని ఉన్న రోజుల్లో పగలు పెట్టొద్దు. వంటలయ్యాక, రాత్రి ఏడున్నర దాటాక అయితే నిదానంగా కూర్చుంటారు. స్టేజీ, మైకు వద్దు. చాప వేసుకుని అందరితో పాటే కూర్చోండి. శాలువాలు ఉంటే ఆఖర్న కప్పమనండి. మొదటే మొదలైతే అరగంట ఫొటోలకే పోతుంది.

5. మాట్లాడేటప్పుడు

పావుగంట చాలు. ఎంత లోన్ వచ్చింది, ఏం కొన్నారు అన్నది తగ్గించి, ఎక్కడ భయపడ్డారో చెప్పండి. "మీరు కూడా నాలాగా కావాలి" అనే మాట అసలు వద్దు. ఇంట్లో అత్తగారి సాయం ఉన్న మనిషికి అయిన పని ఒంటరి మనిషికి కాకపోవచ్చు. మీకు కలిసొచ్చింది ఏదైనా ఉంటే అదీ చెప్పేయండి. మీ ఆయన బండి మీద బ్యాంకు దాకా దింపేవాడా? దింపేవాడనే చెప్పండి.

లోన్ ఇప్పిస్తానని మాత్రం మాట ఇవ్వకండి. అది మీ చేతిలోని పని కాదు, రేపు ఊరంతా మిమ్మల్నే అడుగుతుంది.

6. ప్రశ్నల కోసం కాచుకోండి

"ఏమైనా డౌట్లున్నాయా?" అంటే ఎవరూ నోరు విప్పరు. ఇద్దరిద్దరుగా కూర్చుని ఐదు నిమిషాలు మాట్లాడుకోమనండి. తర్వాత ప్రతి జంటనూ ఒక్కటి అడగమనండి. మగవాళ్లు గుమ్మంలో నిలబడి జవాబులు చెబుతుంటే "అన్నా, ఇది మా మీటింగు, అయ్యాక మీతో కూర్చుంటాం" అని మర్యాదగా పంపేయొచ్చు.

అసలు ప్రశ్న చాలాసార్లు చెప్పులు వేసుకునేటప్పుడు, మీ చెయ్యి పట్టుకుని మెల్లగా వస్తుంది. బస్సుకు టైమయిందని పరుగెత్తకండి. ఇంట్లో దెబ్బల సంగతి అయితే సర్దుకుపొమ్మని సలహా ఇచ్చి రావద్దు. మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం సంగతి చెప్పండి. ఆమె ఫోన్‌లో ఆ నంబరు ఏ పేరుతో దాచుకుంటే ఇంట్లో గొడవ రాదో కూడా అడగండి.

7. మహిళా సర్పంచులకైతే

కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలం కాల్వ సర్పంచ్ ఫాతిమాబీకి 1998లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ యూఎన్‌డీపీ అవార్డు వచ్చింది. ఆ కబురు వింటే ఉత్సాహంగా ఉంటుంది. కానీ నిన్నమొన్న గెలిచిన సర్పంచ్‌కు రేపు ఉదయం చెక్కు మీద సంతకం పెట్టే పని ఉంటుంది. మీరూ సర్పంచ్‌గా చేసి ఉంటే, భర్త తెచ్చిచ్చిన కాగితం మీద చదవకుండా సంతకం పెట్టకుండా మీరెలా తప్పించుకున్నారు? గ్రామసభలో మీ కుర్చీలో ఆయన కూర్చుంటే ఏం చేశారు? ఆమెకు ఆ సంగతులే కావాలి. స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లకే రిజర్వు అయ్యాయి, కాబట్టి ఇవి అడగాల్సిన వాళ్లు ప్రతి మండలంలో ఉన్నారు.

8. రెండోసారి వెళ్లండి, వాళ్లనూ రమ్మనండి

నెల తిరగ్గానే ఇంకోసారి వెళ్లి, "పోయినసారి అనుకున్నది చేశారా?" అని పుస్తకం తెరిపించండి. ఆ మధ్యలో ఒకసారి ఐదారుగురిని మీ మీటింగుకు రమ్మనండి. వాళ్లొచ్చారని మీవాళ్లను మంచి చీరల్లో వరసగా కూర్చోబెట్టొద్దు. అప్పు ఎవరికివ్వాలన్న వాదన, ఆలస్యంగా వచ్చినామెకు జరిమానా, లెక్క తేడా వస్తే మళ్లీ కూడుకోవడం, అన్నీ చూడనివ్వండి.

ఇంకొకటి, డబ్బు సంగతి. వెళ్లే లీడరుకు ఆ రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ అవుతుంది. సేవ కదా అని వదిలేస్తే రెండోసారి వెళ్లడం మానేస్తుంది. సీఆర్పీలుగా వెళ్లినవాళ్లకూ గౌరవ వేతనం ఇచ్చేవారు. కూలి, చార్జీ ఎవరు పెట్టుకోవాలో రెండు ఊళ్ల గ్రామ సంఘాలు ముందే మాట్లాడుకుని, తీర్మానం రాసి, తిరిగొచ్చిన రోజే ఆమె చేతిలో పెట్టండి.