వేట కోసినప్పుడు కార్జం మీద ఒక కన్నేయండి

సిరిమానోత్సవానికో, ఊరి అమ్మవారి పండక్కో మన విజయనగరం వైపు ఇంటి దగ్గరే వేటను, అంటే మేకనో గొర్రెనో, కోయించుకుంటాం. పొట్ట తీశాక కార్జం, ఊపిరితిత్తులు పళ్లెంలో పెట్టి, వేళ్లతో నొక్కుతూ రెండు వైపులా చూడండి. తెల్లటి పొరతో, లోపల నీళ్లతో బిగుసుకున్న బుడగల్లాంటి తిత్తులు కనిపిస్తే వాటిని చిదపకండి. ఆ భాగాన్ని వండొద్దు. ముఖ్యంగా కుక్కలకు అసలు వేయొద్దు. మనవాళ్లు చేసే తప్పు ఇదే. పనికిరాదనుకున్న ముక్కను కోసేవాళ్లు అలవాటుగా కుక్కకే విసిరేస్తారు.

అవి హైడాటిడ్ తిత్తులు. కుక్క తింటే దాని పేగుల్లో బద్దెపురుగులు పెరుగుతాయి. వాటి గుడ్లు మలంలో బయటపడి గడ్డి మీదికి, ఆకుకూరల మీదికి, కుక్క వెంట్రుకల మీదికి చేరతాయి. అలా మన నోట్లోకి వస్తే మన కార్జంలోనూ అలాంటి తిత్తులే పెరుగుతాయి. ఏళ్ల తరబడి బయటపడవు, ఒక్కోసారి ఆపరేషన్ దాకా పోతుంది.

అందుకే తిత్తులున్న ముక్కను కాల్చేయండి, లేదా కుక్కలు తవ్వలేనంత లోతున సున్నం చల్లి పాతిపెట్టండి. పెంపుడు కుక్కకు పశువుల డాక్టరును అడిగి పురుగుల మందు వేయించండి.

చేదుకట్టు (పిత్తాశయం) పగలకుండా తీయడం కోసేవాళ్లకు ఎలాగూ తెలుసు. పేగులు కోసిన కత్తిని కడగకుండా మాంసానికి వాడకుండా మాత్రం మీరే చూసుకోవాలి.

ఎవరైనా కొండ నుంచి జింక మాంసం తెచ్చామంటే కొనకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసవుతుంది, పైగా దాని కార్జం ఎలా ఉందో చూసినవాళ్లే ఉండరు.