చిన్న రీఫ్ ట్యాంకుకు ఇంట్లోనే ఆటో టాప్‌ఆఫ్: ముందే చూసుకోవాల్సిన జాగ్రత్తలు

రీఫ్ ట్యాంకు అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం. ఇందులో ఆవిరయ్యేది నీరే, ఉప్పు అలాగే మిగిలిపోతుంది. కాబట్టి తగ్గిన మేరకు ఉప్పు లేని నీళ్లే నింపాలి. ఈ పని దానంతటదే జరిగేలా చేసేదే ఆటో టాప్‌ఆఫ్: నీటిమట్టం తగ్గగానే స్విచ్ మోటారును నడుపుతుంది, మోటారు కింద పెట్టిన డబ్బాలోంచి నీళ్లు తోడుతుంది.

• తాగే ఆర్‌ఓ నీళ్లు నేరుగా వాడొద్దు. చాలా మెషీన్లు రుచి కోసం మినరల్స్ కలుపుతాయి. డీఐ ఫిల్టర్ (మిగిలిన లవణాలను కూడా తీసేసే డీఅయనైజేషన్ ఫిల్టర్) కూడా దాటి, నీళ్లలో కరిగిన పదార్థాలను కొలిచే టీడీఎస్ మీటర్‌లో 0 చూపించే నీళ్లు కావాలి.

• డబ్బా చిన్నదే పెట్టండి. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. స్విచ్ ఇరుక్కుపోయి మోటారు ఆగకపోతే, డబ్బాలో ఉన్నదంతా ట్యాంకులోకి వచ్చేస్తుంది. 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో 35 భాగాలు) ఉప్పదనం ఉన్న 40 లీటర్ల ట్యాంకులో 4 లీటర్లు అదనంగా పడితే అది 32 దగ్గరికి దిగుతుంది. పగడాలకు ఇబ్బందే, కానీ కోలుకునే అవకాశం ఉంటుంది. అదే 20 లీటర్ల క్యాన్ అయితే పగడాలూ పోతాయి, ఇల్లంతా నీళ్లూ అవుతాయి.

• ఫ్లోట్ స్విచ్‌లు (నీటితో పాటు ఫ్లోట్ పైకి తేలగానే మోటారును ఆపేవి) రెండు పెట్టి సిరీస్‌లో, అంటే ఏ ఒక్కటి ఆఫ్ అయినా మోటారు ఆగేలా, కలపండి. రెండోది ఒక సెంటీమీటరు పైన ఉండాలి. నత్త ఎక్కి కూర్చుంటే ఫ్లోట్ పైకి లేవదు. అందుకే చుట్టూ ప్లాస్టిక్ జాలీ కట్టండి. పేరుకున్న ఉప్పును వారానికోసారి కడగండి.

• పైపు చివర ఎప్పుడూ నీటిమట్టానికి పైనే ఉండాలి. మునిగిందంటే, మోటారు ఆగాక ట్యాంకు నీళ్లు సైఫన్ పట్టి కింది డబ్బాలోకి దిగిపోతాయి.

• 12 వోల్టుల డీసీ మోటారే వాడండి. 230 వోల్టుల వైరును ఉప్పునీళ్ల దగ్గరికి రానివ్వొద్దు. మోటారు కరెంటు ఫ్లోట్ స్విచ్ తట్టుకునేదానికంటే ఎక్కువైతే మధ్యలో రిలే (తక్కువ కరెంటుతో ఎక్కువ కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్) పెట్టాలి.

• రాగి, ఇత్తడి జాయింట్లు వద్దే వద్దు. రాగి కరిగితే రొయ్యలు, నత్తలు చచ్చిపోతాయి.

• ట్యాంకుకు బిగించే ముందు బకెట్‌లో పెట్టి, కింది ఫ్లోట్‌ను పైకి లేవకుండా చేత్తో నొక్కి పట్టుకుని చూడండి. రెండో స్విచ్ మోటారును ఆపాల్సిందే.